అమ్మ ఫోన్‌కి ఏ రీఛార్జి? ఎక్స్‌తో తేల్చేద్దాం

సందేహం: నేను నెల్లూరులో ఉంటాను, అమ్మ కావలి దగ్గర పల్లెలో. ఆమెకు ఫోన్ అంటే మాట్లాడటమే. ఆదివారం మాత్రం మనవరాలితో వీడియో కాల్ ఉండాల్సిందే. రోజూ డేటా వచ్చే 84 రోజుల ప్లాన్ 860 రూపాయలు. కాల్స్, ఎస్సెమ్మెస్‌లు మాత్రమే ఉన్న 84 రోజుల ప్లాన్ 470. డేటా కావాలంటే 20 రూపాయలకు 1 జీబీ విడిగా వేయించాలి. ఏది మేలు?

జవాబు: 470దే వేయించండి. ఈ లెక్క ఒకసారి పట్టుబడితే రేపు ధరలు మారినా మీరే తేల్చుకోవచ్చు.

84 రోజుల్లో డేటా ఎన్నిసార్లు వేయించాలో ముందే తెలీదు కదా, దాన్ని ఎక్స్ అనుకుందాం. బడిలో చదివిన బీజగణితమే. రెండో ప్లాన్ ఖర్చు 470 + 20ఎక్స్. మొదటిది ఎంత వాడినా 860. రెండూ ఎక్కడ సమానమవుతాయి? 860లోంచి 470 తీసేస్తే 390, దాన్ని 20తో భాగిస్తే 19.5. అర రీఛార్జి ఉండదు కాబట్టి 19 సార్ల దాకా విడి డేటాయే చవక. 20కి చేరితే 870 అవుతుంది, అప్పుడు రోజువారీ డేటా ప్లానే నయం. 84 రోజులంటే సరిగ్గా 12 ఆదివారాలు. ఎక్స్ బదులు 12 పెడితే 710. మీకు 150 మిగులుతుంది. మనవరాలు సెలవులకొచ్చి అమ్మమ్మ ఫోన్‌లో బొమ్మలు చూసినా, ఇంకో ఏడుసార్లు డేటా వేయించే వీలుంది.

ఆ 1 జీబీ ఎన్నాళ్లుంటుందో, కాల్స్ ప్లాన్ మీద పనిచేస్తుందో లేదో మాత్రం ముందే కనుక్కోండి. ఒక్కరోజుదైతే ఆదివారం పొద్దున్నే వేయించండి.

డేటా లేని ప్లాన్ కనీసం ఒకటైనా ఇవ్వాలని ఫోన్ కంపెనీలను నియంత్రించే సంస్థ ట్రాయ్ 2024 డిసెంబర్‌లో నిబంధన తెచ్చింది. వాడని డేటాకి పెద్దవాళ్లు డబ్బు కట్టడం నాకు ఎప్పుడూ అన్యాయంగానే అనిపించేది. యాప్‌లో కనిపించకపోతే షాపులో అడిగి మరీ వేయించండి.

84 రోజులను మూడు నెలలని మాత్రం అనుకోకండి. నాలుగుసార్లు వేయిస్తే 336 రోజులే, ఏడాదికి ఇంకా 29 రోజులు మిగిలే ఉంటాయి. సింగరాయకొండలో ఉండే మా పెద్దమ్మ ఫోన్‌కి అక్టోబర్ 20న వేయించి, జనవరి 19 దాకా ఢోకా లేదనుకున్నాను. 11తోనే అయిపోయింది. భోగి నాడు పొద్దున్నుంచీ ఆమె ఫోన్ పట్టుకుని కూర్చుంది, కాల్ పోలేదు. ఆ బాధ నాకింకా ఉంది. మీరు ఆదివారం వేయిస్తే పన్నెండో శనివారంతో అయిపోతుంది. ఆ శనివారానికి ఇప్పుడే అలారం పెట్టుకోండి.