పర్యావరణం మీద రాయాలంటే కెమిస్ట్రీ వదిలేయాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరం చదువుతోంది. ఎమ్మెస్సీ చేసి ఏదైనా ఫార్మా కంపెనీలో చేరుతుందనుకున్నాం. ఇప్పుడేమో పర్యావరణం గురించి పత్రికలకు రాస్తానంటోంది. అసలు అది ఉద్యోగమేనా? వెంటనే జర్నలిజం కోర్సులో చేర్పించమంటారా? - ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: ఉద్యోగమేనండి. కానీ ఖాళీలు తక్కువ. మొదట్లో జీతం మీరు ఫార్మాలో ఊహించుకున్నంత ఉండదు. కొన్ని పత్రికలు నెల జీతానికి కాకుండా వ్యాసానికి ఇంత అని ఇస్తాయి. డబ్బు సంగతి ముందే తెలిసి ఉంటే, రేపు మీ ఇంట్లో ‘నాకెవరూ చెప్పలేదు’ అనే మాట రాదు.

మీ ఉత్తరంలో నాకు నచ్చనిది ఒకటుంది. కెమిస్ట్రీ ఒక దారి, రాత ఇంకో దారి అన్నట్టు విడదీశారు. 2003 ఆగస్టులో ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ శీతల పానీయాల్లో పురుగుమందుల అవశేషాలున్నాయని బయటపెట్టింది. 1992లో మొదలైన ‘డౌన్ టు ఎర్త్’ పక్షపత్రిక వెనుక ఉన్నది ఆ సంస్థే. కంపెనీలు ఒప్పుకోలేదు. విషయం సంయుక్త పార్లమెంటరీ సంఘం దాకా వెళ్లింది. అవశేషాలున్న మాట నిజమేనని 2004 ఫిబ్రవరిలో ఆ సంఘం తేల్చింది. ఆ కథనం నిలబడింది భాషా పటిమ వల్ల కాదు, ల్యాబ్ పరీక్షల వల్ల. మీ అమ్మాయి ఇప్పుడు చదువుతున్న అనలిటికల్ కెమిస్ట్రీ అలాంటి చోటే పనికొస్తుంది. ల్యాబ్ నివేదిక చూసి, నమూనా ఎక్కడ తీశారు, ఏ పద్ధతిలో కొలిచారు అని అడగగల విలేకరులు మనకు చాలా తక్కువ.

మీ జిల్లానే చూడండి. ఉద్దానంలో కిడ్నీ వ్యాధి మీద ఎన్ని కథనాలు వచ్చాయో లెక్కలేదు. నీళ్లలోని సిలికా అని ఒకరు, పురుగుమందులని ఒకరు, ఎండలో ఒళ్లు ఎండిపోయేలా పనిచేయడమని ఒకరు, నొప్పి మాత్రలని మరొకరు రాశారు. ఇన్నేళ్ల పరిశోధన తర్వాత కూడా కారణం ఇదీ అని ఖాయంగా తేలలేదు. అయినా ‘అసలు కారణం ఇదే’ అన్న శీర్షికలకు కొదవ లేదు. ఏ అధ్యయనం ఎంతమందిని పరీక్షించింది, ఏది ఊహ, ఏది రుజువు అని విడదీసి, డయాలసిస్‌కు వెళ్లే మనిషి చదివినా అర్థమయ్యేలా రాయగలిగితే, ఆ అమ్మాయికి పని వచ్చినట్టే.

రెండో విద్య కాగితాలు చదవడం. 2010 జులై 14న సోంపేటలో థర్మల్ విద్యుత్ కేంద్రం వద్దన్న జనం మీద పోలీసు కాల్పులు జరిగి ప్రాణాలు పోయాయి. ఆ కేంద్రానికిచ్చిన పర్యావరణ అనుమతిని జాతీయ పర్యావరణ అప్పీలు అథారిటీ రద్దు చేసిందీ అదే రోజున. వివాదమంతా ‘బీల’ అనే చిత్తడి నేల గురించి. పంటకు, చేపలకు ఊళ్లు నమ్ముకున్న ఆ నేల కాగితాల్లో పనికిరాని భూమి అయి కూర్చుంది. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్ ప్రకారం, ప్రజాభిప్రాయ సేకరణ జరగాల్సిన ప్రాజెక్టుకు కనీసం 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. పర్యావరణ ప్రభావ నివేదిక సారాంశాన్ని తెలుగులోనూ అందుబాటులో ఉంచాలి. ఆ సారాంశం తీసుకుని, ‘భూ వినియోగం’ పట్టిక ముందు పెట్టుకుని, ఊరికెళ్లి ఒక్కో గడీ సరిచూసుకోవడమే పర్యావరణ విలేకరి రోజువారీ పని. సగం రోజులు విసుగ్గానే గడుస్తాయి. అడవుల్లో కెమెరా పట్టుకుని తిరగడమే ఈ ఉద్యోగం అనుకుంటోందేమో, ఒకసారి అడిగి చూడండి.

పర్యావరణహిత జీవనం పేరిట వచ్చే వ్యాసాల మీద నాకంత మోజు లేదు. వెదురు బ్రష్షు, రాగి సీసా, గుడ్డ సంచి అంటూ చివరికి కొనాల్సిన సరుకుల జాబితాగా తేలుతాయి. మీ పట్టణంలో వేరుచేసి ఇచ్చిన తడి చెత్త చివరికి ఎక్కడ పడుతోందో చూసి రాస్తే అందరికీ ఉపయోగం.

కోర్సు విషయానికొస్తే, వెంటనే వద్దు. కెమిస్ట్రీలో గానీ పర్యావరణ శాస్త్రంలో గానీ ఎమ్మెస్సీ పూర్తి చేయనివ్వండి. ఆ తర్వాత కూడా ఇదే మాట మీద ఉంటే జర్నలిజం చదవవచ్చు. చెన్నైలోని ఏషియన్ కాలేజ్ ఆఫ్ జర్నలిజంలో పీజీ డిప్లొమా ఏడాదిలో అయిపోతుంది. ఫీజు ఎక్కువే, ఉపకారవేతనాల సంగతి ముందే కనుక్కోండి. హైదరాబాద్‌లో ఉస్మానియా, సెంట్రల్ యూనివర్సిటీల్లోనూ జర్నలిజం చదువు ఉంది. ఎమ్మెస్సీ చేతిలో ఉంటే రాత కుదరకపోయినా ల్యాబులు, పరిశోధన సంస్థలు ఉంటాయి. ఆ భరోసా ఉన్నవాళ్లు పత్రికల్లోనూ తొందరపడి ఏదో ఒకటి రాయరు.

తెలుగు మాత్రం వదలనివ్వకండి. పూర్తి నివేదికలు ఎక్కువగా ఇంగ్లిషులోనే ఉంటాయి, కాబట్టి ఆ భాష బాగా రావాలి. దెబ్బతిన్నవాళ్లు చదివేది మాత్రం తెలుగు. పాత్రికేయుడు పి.సాయినాథ్ 2014లో ప్రారంభించిన గ్రామీణ కథనాల వెబ్‌సైట్ ‘పరి’లో వాతావరణ మార్పు మీద వరుస కథనాలున్నాయి. ‘పరి’ తెలుగులోనూ వస్తుంది. పరికరాల కొలతల కన్నా ముందు రైతు, జాలరి ఏం గమనించారో వాటిలో కనిపిస్తుంది.

ఈ సెలవుల్లో ఒక్క కథనం రాయమనండి. పలాస జీడిపప్పు పరిశ్రమ మీకు దగ్గరే. గింజలు కాల్చేటప్పుడు వచ్చే పొగ, పెంకులోని జీడి తగిలి పొక్కే చేతులు, దానిలోని అనకార్డిక్ ఆమ్లం. సగం పాఠ్యపుస్తకంలోనే ఉంది. పెంకు ఒలిచే ఆడవాళ్లతో, బట్టీ యజమానితో, వైద్యుడితో మాట్లాడాలి. ఆ బట్టీలకు కాలుష్య నియంత్రణ మండలి అనుమతులున్నాయో లేదో సమాచార హక్కు చట్టం కింద అడగాలి. జవాబుకు 30 రోజుల గడువుంటుంది, కాబట్టి ఆ దరఖాస్తు మొదటి వారంలోనే పడాలి. రాసినది రెండు మూడు పత్రికలకు ఒకదాని తర్వాత ఒకటిగా పంపి చూడనివ్వండి. తిప్పి పంపితే ఎందుకో అడిగి, తిరగరాయగలదో లేదో మీరే గమనించండి. ఈలోగా ఎమ్మెస్సీ ప్రవేశ పరీక్ష దరఖాస్తు గడువు మాత్రం దాటనివ్వకండి.