పచ్చని అలవాట్లకు పర్సనల్ లోన్ అక్కర్లేదు

ప్రశ్న: మాది విజయవాడ, సొంత డాబా ఇల్లు. ఇద్దరం ఉద్యోగులం, ఇద్దరు పిల్లలు. నెలకు చేతికొచ్చేది 82,000 రూపాయలు, అందులో ఇంటి లోన్ ఈఎంఐ 24,000. పర్యావరణానికి మేలు చేసే అలవాటు నెలకొకటి చొప్పున ఏడాదంతా నేర్చుకోవాలని పిల్లలతో కలిసి పందెం వేసుకున్నాం. ముందు 3 కిలోవాట్ల సోలార్, ఎలక్ట్రిక్ స్కూటర్, ఫైవ్ స్టార్ ఫ్రిజ్ తీసుకుంటే సగం పని అయిపోతుందని మావారు అంటున్నారు. 3.5 లక్షల పర్సనల్ లోన్ ఇస్తామని బ్యాంకు నుంచి ఫోన్లు వస్తున్నాయి. తీసుకోవచ్చా? వేసవిలో మాకు 380 యూనిట్లు కాలుతున్నాయి. సేవింగ్స్‌లో 60,000 ఉన్నాయి.
(ఒక పాఠకురాలు, విజయవాడ)

జవాబు: పిల్లల్ని కలుపుకొని మొదలుపెట్టడం నాకు ఎంతో నచ్చిందమ్మా. పందెం వదలకండి. లోన్ మాత్రం వద్దు. 13 శాతం వడ్డీకి నాలుగేళ్లకు తీసుకుంటే నెలకు 9,400 దాకా కట్టాలి, వడ్డీయే లక్ష అవుతుంది. మీ 60,000 చూస్తే ఒక నెల ఖర్చుకు కాస్త ఎక్కువ, అంతే. ఒక జీతం ఆగితే ఆ ఈఎంఐ మెడకు చుట్టుకుంటుంది.

ముందు మీ కరెంటు బిల్లు తీసి చూడండి. ఏపీలో ఇళ్లకు మొదటి 30 యూనిట్లకు యూనిట్ 1.90, ఆపైన 75 వరకు 3 రూపాయలు, 125 వరకు 4.50, 225 వరకు 6, అది దాటితే 400 వరకు 8.75. ఈ లెక్కన మీ 380 యూనిట్లలో మొదటి 225కీ పడేది 1,017 రూపాయలు. మిగతా 155 యూనిట్లకే 1,356. ఫిక్స్‌డ్ చార్జీలు, సర్దుబాటు చార్జీలు వేరు. మీరు ఏ యూనిట్ తగ్గించినా అది పైనుంచే, అంటే 8.75 రేటు నుంచే తగ్గుతుంది. నెలకొక అలవాటు అనుకున్నారు కదా, మొదటి మూడు నెలలూ ఆ 155 యూనిట్ల మీదే పెట్టండి.

ఏసీ 20లో పెడుతుంటే 24కి మార్చి, ఫ్యాన్ వేసుకోండి. డిగ్రీకి సుమారు 6 శాతం ఆదా అని బ్యూరో ఆఫ్ ఎనర్జీ ఎఫిషియెన్సీ చెబుతోంది. 2020 జనవరి నుంచి స్టార్ రేటింగ్ ఉన్న ఏసీలు ఆన్ చేయగానే 24లో మొదలయ్యేలా నిబంధన కూడా పెట్టారు. ఏసీకి నెలకు 210 యూనిట్లు అవుతున్నాయనుకుంటే 50 మిగులుతాయి. ఇందుకు రూపాయి ఖర్చు లేదు. తర్వాత, ఎక్కువసేపు తిరిగే రెండు ఫ్యాన్లు మార్చండి. పాత ఫ్యాన్ 75 వాట్లు తీసుకుంటే, తక్కువ కరెంటుతో తిరిగే కొత్తరకం మోటారున్న బీఎల్‌డీసీ ఫ్యాన్‌కు 30 చాలు. రోజుకు 14 గంటలు తిరిగితే రెండింటికీ కలిపి నెలకు 38 యూనిట్లు మిగులుతాయి. రెండు ఫ్యాన్లకు 6,000 దాకా అవుతుంది, అది బోనస్ డబ్బుల్లోంచి పెట్టుకోవచ్చు. అప్పుడప్పుడు వేసే పూజగది ఫ్యాన్, వరండా ఫ్యాన్ అలాగే ఉండనివ్వండి.

ఈ రెండింటితోనే వేసవిలో నెలకు 770 రూపాయలు తగ్గాలి. చలికాలంలో ఏసీ ఉండదు, రేటు కూడా తక్కువ, అప్పుడు ఇంత రాదు.

ఈ 770 ఎక్కడికి పోతుందన్నదే నాకు అసలు విషయం. బిల్లు తగ్గిన ఆనందంలో ఆ ఆదివారం బిర్యానీ ఆర్డర్ చేస్తే ప్లాస్టిక్ డబ్బాలు మళ్లీ ఇంటికొస్తాయి. డబ్బూ మిగలదు, భూమికి జరిగిన మేలూ మిగలదు. పొదుపు చేసిన డబ్బును పక్కకు తీయకపోతే అది ఇంకో రూపంలో ఖర్చవుతుందని ఎన్నో కుటుంబాల లెక్కల్లో చూశాను. అందుకే బిల్లు కట్టిన రోజే, నిరుడు అదే నెల బిల్లుకూ ఇప్పటి దానికీ ఉన్న తేడాను వేరే సేవింగ్స్ ఖాతాలో వేయండి. ఆర్డీలో నెలనెలా ఒకే మొత్తం కట్టాలి, మీకు మిగిలేది ఒకేలా ఉండదు కాబట్టి ఖాతాయే మేలు. నెలకొకసారి మీటర్ రీడింగ్ రాయడం, పాస్‌బుక్‌లో తేడా చూడటం పిల్లలకు అప్పగించండి. రైతుబజార్‌కు చేతిసంచీ పట్టుకెళ్లడం, కుళ్లిపోయేంత కూరగాయలు కొనకపోవడం, బయటి తిండి తగ్గించడం లాంటి వాటిలో మిగిలింది కూడా ఆ ఖాతాకే వెళ్లాలి.

ఫ్రిజ్ మాట మర్చిపోండి. స్టార్ లేబుల్ మీద ఏడాదికి ఎన్ని యూనిట్లో రాసి ఉంటుంది. పాతదీ కొత్తదీ పక్కపక్కన పెట్టి చూస్తే వంద యూనిట్లు తేడా వచ్చిందనుకోండి, పై రేటులో లెక్కేసినా ఏడాదికి 875. దానికోసం 28,000 పెట్టి, బాగా పనిచేస్తున్న ఫ్రిజ్‌ను పాతసామాన్ల వాడికి ఇవ్వడం డబ్బుకూ మంచిది కాదు, పర్యావరణానికీ మంచిది కాదు.

సోలార్ మంచిదే, కానీ ఏడాది ఆగండి. ఎంత సైజు కావాలో అప్పుడే తెలుస్తుంది. ఒక కిలోవాట్ నెలకు సుమారు 120 యూనిట్లు ఇస్తుంది. మీ అలవాట్లు మారాక ఏడాది సగటు 240 యూనిట్లకు దిగితే 2 కిలోవాట్లు చాలు. యూనిట్లు పెరిగేకొద్దీ రేటు పెరిగే స్లాబుల వల్ల మొదటి కిలోవాట్ నెలకు 750 దాకా మిగిలిస్తే, రెండోది 400 లోపే. మూడోది మీకు మిగిల్చేది దాదాపు ఏమీ ఉండదు. పీఎం సూర్యఘర్ పథకంలో సబ్సిడీ కూడా రెండు కిలోవాట్ల వరకు కిలోవాట్‌కు 30,000, మూడోదానికి 18,000 మాత్రమే, మొత్తం 78,000 మించదు. సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటర్ (మీరు వాడిన కరెంటునూ, మీ ప్యానెళ్ల నుంచి లైనుకు వెళ్లిన కరెంటునూ రెండింటినీ లెక్కించేది) పెట్టాకే మీ ఖాతాలో పడుతుంది. డబ్బు తక్కువైతే ఈ పథకానికే ప్రభుత్వ బ్యాంకులు పర్సనల్ లోన్ కన్నా బాగా తక్కువ వడ్డీకి అప్పు ఇస్తున్నాయి.

స్కూటర్ విషయంలో మీవారి ఆలోచన సరైనదే. రోజుకు 30 కిలోమీటర్లు తిరిగితే పెట్రోలుకు నెలకు 1,900 అవుతుంది. ఎలక్ట్రిక్ స్కూటర్‌కు ఇంట్లో చార్జింగ్ 250 రూపాయలు దాటదు. పాతది అమ్మితే 40,000 వచ్చి, కొత్తదానికి 1.2 లక్షలైతే, నాలుగేళ్లలో తీరిపోతుంది. రోజూ తిరిగేది పది కిలోమీటర్లే అయితే మాత్రం పాత బండి పూర్తిగా అరిగేదాకా నడపండి. ఈవీ లోన్ వడ్డీ మీద లక్షన్నర వరకు పన్ను మినహాయింపు ఉందని షోరూంలో ఎవరైనా చెబితే నమ్మకండి. ఆ మినహాయింపు ఇచ్చే 80ఈఈబీ సెక్షన్ 2023 మార్చి 31లోపు మంజూరైన లోన్లకే వర్తిస్తుంది.

వచ్చే వేసవి బిల్లులు చేతికొచ్చాక పన్నెండు నెలల యూనిట్లూ, ఆ ఖాతాలో చేరిన మొత్తమూ రాసి పంపండి. సోలార్ ముందా, స్కూటర్ ముందా అన్నది అప్పుడు లెక్కవేసి చెబుతాను.