అరేనా, లిస్టా అనేముందు

తిరుపతి

తమ్ముడూ,

చిత్తూరు నుంచి నువ్వు పంపిన నెట్‌వర్క్ స్విచ్ డ్రైవర్ ప్యాచ్ (కోడు మార్పు) చదివాను. వీలాన్ల (ఒకే స్విచ్‌లో విడివిడిగా నడిచే వర్చువల్ నెట్‌వర్కుల) పట్టిక అరేగా (వరస గళ్లుగా) ఉండాలా, లిస్టుగా (లింకులతో కలిపిన నోడులుగా) ఉండాలా అని నువ్వూ మీ సీనియరూ పంతం పట్టి కూర్చున్నారు. అది తర్వాత. ముందు ఆ సమాచారం ఎవరిదో తేల్చుకో.

లినక్స్ కెర్నెల్‌లో స్విచ్ చిప్పులను నడిపే డీఎస్ఏ అనే భాగంలో ట్రీ (కలిపి ఉన్న స్విచ్‌ల గుంపు), స్విచ్, పోర్ట్ అని మూడు స్ట్రక్చర్లున్నాయి. నువ్వు వీలాన్ ఫిల్టరింగ్ ఫ్లాగును (వీలాన్‌ను బట్టి ప్యాకెట్లను వడకట్టాలా వద్దా అని చెప్పేదాన్ని) పోర్టులో పెట్టావు. కొన్ని చిప్పుల్లో ఆ బిట్టు స్విచ్ మొత్తానికీ ఒక్కటే. ఒక బ్రిడ్జిలో (ఒకే నెట్‌వర్కుగా కలిపిన పోర్టుల గుంపులో) ఉన్న 1వ పోర్టుకు ఆన్ చేస్తే, వేరే బ్రిడ్జిలో ఉన్న 3వ పోర్టు కూడా మారిపోతుంది. నీ స్ట్రక్చర్ మాత్రం దాన్ని ఆఫ్ అనే చూపిస్తుంది. డేటాషీట్లో ఆ రిజిస్టరు గ్లోబల్ అధ్యాయంలో ఉందా, పోర్ట్ అధ్యాయంలో ఉందా చూడు. ఫీల్డు కూడా అక్కడికే పోవాలి.

ఇక అరే, లిస్టు. నోటితో వాదించొద్దు, లెక్క వెయ్యి. సభ్య పోర్టుల మాస్కు (పోర్టుకో బిట్టు) 2 బైట్లు, వీలాన్ ట్యాగు తీసి పంపే పోర్టుల అన్‌ట్యాగ్ మాస్కు 2, వ్యాలిడ్ ఫ్లాగు 1, ప్యాడింగుతో 6. వీలాన్ నంబరు 12 బిట్లు కాబట్టి 4096 గళ్లు, అంటే 24 కేబీ. 4 కేబీ పేజీల మీద కెర్నెల్‌లో మెమరీ ఇచ్చే కేమాలోక్ దాన్ని 32 కేబీకి పెంచి ఇస్తుంది. లిస్టు నోడుకు 64 బిట్ యంత్రంలో లింకులకే 16 బైట్లు. నంబరూ మాస్కులూ కలిపి 24, చేతికొచ్చేది 32 బైట్ల ముక్క. కాబట్టి 1024 వీలాన్ల లోపు లిస్టే తక్కువ తింటుంది. అయినా నా ఓటు అరేకే. ప్రోబ్‌లో (డ్రైవర్ మొదలయ్యేటప్పుడు) ఒక్కసారి అలోకేట్ చేస్తే, వీలాన్ కలిపేటప్పుడు మెమరీ లేదనే దారే ఉండదు, వెతుకులాటా ఉండదు. మీ సీనియర్ పోర్టుల లిస్టును ఉదాహరణగా చూపుతున్నాడు కదా, 2019లో వాటిని స్విచ్‌లోని అరే నుంచి ట్రీలోని లిస్టుకు మార్చింది మెమరీ కోసం కాదు. అన్ని స్విచ్‌ల పోర్టులనూ ఒకే చుట్టులో చూడడానికి. నీకు ఆ అవసరం లేదు.

లాకు దగ్గర జాగ్రత్త. చిప్పుతో మాట్లాడే ఎండీఐఓ అనే సీరియల్ బస్సులో ఒక రిజిస్టరు చదవాలంటే ప్రియాంబుల్‌తో (ముందు పంపే బిట్లతో) కలిపి 64 క్లాకులు, 2.5 మెగాహెర్ట్జ్ దగ్గర 25.6 మైక్రోసెకన్లు. పట్టికలో ఒక గడి రాయాలంటే అలాంటివి చాలా కావాలి, మధ్యలో నిద్రపోవాలి. కాబట్టి నిద్రపోనిచ్చే లాకు మ్యుటెక్సే, నిద్రపోనివ్వని స్పిన్‌లాక్ పనికిరాదు. ఎఫ్‌డీబీ (ఏ అడ్రసు ఏ పోర్టు మీదుందో చెప్పే పట్టిక) నోటిఫికేషన్ వచ్చేది అటామిక్ సందర్భంలో, అంటే నిద్రపోకూడని చోట. పనిని వర్క్‌క్యూకు (తర్వాత, నిద్రపోగలిగే చోట నడిపే వరసకు) నెట్టు. నెట్టేటప్పుడు మ్యాక్ అడ్రసును కాపీ చేసుకో. పాయింటర్ దాచుకుంటే, వర్క్ నడిచేసరికి ఆ మెమరీ ఉండదు. డీబగ్ అటామిక్ స్లీప్ అనే కెర్నెల్ ఆప్షన్ ఆన్ చేసుకుని పరీక్షించు, తప్పుంటే కెర్నెలే అరుస్తుంది.

నీ ప్యాచ్‌లో అసలు బగ్గు మీరిద్దరూ చూడనిది. సీపీయూ పోర్టు (స్విచ్‌ను ప్రాసెసర్‌కు కలిపేది) మీది అడ్రసును రెండు యూజర్ పోర్టులు (బయటి కేబుళ్లవి) పంచుకోవచ్చు. నువ్వు ఒక పోర్టు ఆ అడ్రసును తీసెయ్యమనగానే చెరిపేస్తున్నావు. బాలాజీ కాలనీలో నలుగురున్న రూములో ఒకడు ఖాళీ చేశాడని కరెంటు పీకేసినట్టుంది. ఎంట్రీలో రిఫ్‌కౌంట్ (ఎందరు వాడుతున్నారన్న లెక్క) పెట్టి, సున్నా అయినప్పుడే హార్డ్‌వేర్‌ను ముట్టుకో. 2021లో డీఎస్ఏ కోర్‌లోకి వచ్చిందీ ఈ పద్ధతే. నీ డ్రైవర్ కోర్‌ను దాటి సొంత దారిలో పోతోంది కాబట్టి నీకది అందలేదు.

రిఫ్‌కౌంట్‌ను వేరే ప్యాచ్‌గా ముందు పంపు, ఫ్లాగు మార్పు దాని తర్వాత. వీలాన్ పట్టిక ఆఖర్న. పైన వేసిన లెక్కను కమిట్ మెసేజ్‌లో రాసి, స్ట్రక్చర్ల సైజు చూపే పాహోల్ టూలు ఇచ్చిన సైజును కూడా కింద అతికించు.

నీ అన్న