రెప్పలు వాలడానికి విరేచనాలు తగ్గాలని వేసిన మాత్ర కారణం కావచ్చు

ప్రశ్న: మా అమ్మకు 54 ఏళ్లు. మూడేళ్లుగా మయస్థీనియా గ్రేవిస్ (కండరాలు త్వరగా నీరసించే జబ్బు) ఉంది. దానికి పైరిడోస్టిగ్మిన్ 60 మి.గ్రా. రోజుకు మూడు మాత్రలు వేసుకునేది. పోయిన నెల డాక్టర్ గారు పూటకు ఒకటిన్నర చేశారు. వారం తిరక్కుండా విరేచనాలు పట్టుకున్నాయి. ఊళ్లో ఆర్‌ఎంపీ ఓఫ్లాక్సాసిన్-ఆర్నిడజోల్ అనే యాంటీబయోటిక్ మాత్ర ఇచ్చారు. రెండో రోజు నుంచి కళ్లు తెరవలేకపోతోంది, సాయంత్రానికి మాట ముక్కుతో వస్తోంది. జబ్బు ముదిరిందా? ఇంకో అర మాత్ర వేయమంటారా?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

జవాబు: వేయకండి. ఓఫ్లాక్సాసిన్ మాత్ర ఆపి, ఈరోజే న్యూరాలజిస్టుకు చూపించండి. బయల్దేరేముందు ఒక పని చేయండి. అమ్మగారిని నిండుగా ఊపిరి పీల్చుకుని, గుక్క తిప్పుకోకుండా సెకనుకు రెండు అంకెల చొప్పున లెక్కపెట్టమనండి. 20 దాకా రాలేకపోయినా, నీళ్లు తాగితే ముక్కులోంచి వస్తున్నా, వెల్లకిలా పడుకుంటే ఆయాసం వస్తున్నా క్లినిక్కుకు కాదు, నేరుగా వెంటిలేటర్ ఉన్న ఆసుపత్రికే తీసుకెళ్లాలి.

నాడి చివరికి సంకేతం రాగానే అందులోకి కాల్షియం వెళ్తుంది. దాంతో ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనం విడుదలై, సన్నని సందు దాటి కండరం మీద దాన్ని అందుకునే గ్రాహకాలకు అతుక్కుంటుంది. అప్పుడే రెప్ప లేస్తుంది, ముద్ద దిగుతుంది. ఆ వెంటనే ఒక ఎంజైమ్ దాన్ని విరగ్గొట్టేస్తుంది. మయస్థీనియాలో సొంత యాంటీబాడీలే ఆ గ్రాహకాలను దెబ్బతీస్తాయి. పైరిడోస్టిగ్మిన్ ఆ ఎంజైమ్‌ను అడ్డుకుని, ఉన్న ఎసిటైల్‌కోలిన్ ఇంకాసేపు నిలిచేలా చేస్తుంది. పని అరగంట, ముప్పావుగంటలో మొదలై మూడు నాలుగు గంటలుంటుంది. అందుకే భోజనానికి అరగంట ముందు వేసుకుంటే మింగడం తేలికవుతుంది.

ఓఫ్లాక్సాసిన్, సిప్రోఫ్లాక్సాసిన్, లీవోఫ్లాక్సాసిన్ లాంటి ఒకే కోవ యాంటీబయోటిక్‌లు ఈ సంకేతాన్ని మందగింపజేస్తాయి. ఆరోగ్యవంతులకు గ్రాహకాలు అవసరానికి మించి ఉంటాయి కాబట్టి తేడా తెలియదు. అమ్మగారికి ఆ మిగులు లేదు. 2011లోనే అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఈ కోవ మందులన్నింటి మీదా మయస్థీనియా రోగులకు ప్రత్యేక హెచ్చరిక పెట్టించింది. కాబట్టి జబ్బు ముదిరిందని ఇప్పుడే బెంగపడకండి.

అసలు ఆ విరేచనాలు కూడా ఇన్ఫెక్షన్ వల్ల కాకపోవచ్చు. పేగును కదిలించేదీ ఎసిటైల్‌కోలినే. డోసు పెరిగిన వారానికే మొదలయ్యాయంటే నా అనుమానం పైరిడోస్టిగ్మిన్ మీదే. జ్వరం, మలంలో రక్తం లేకపోతే మరీనూ. దానికి మందు యాంటీబయోటిక్ కాదు. డోసు సరిచేయడమో, పేగు కదలికను తగ్గించే గ్లైకోపైరోలేట్ చేర్చడమో న్యూరాలజిస్టు చూస్తారు. ఈలోగా ఓఆర్ఎస్ కొద్దికొద్దిగా తాగించండి, మింగగలిగితేనే. పైరిడోస్టిగ్మిన్ మోతాదు మించితే కూడా కండరాలు నీరసిస్తాయి. చొంగ, చెమటలు, కడుపులో మెలిపెట్టడం, కండరాలు అదరడం దానికి గుర్తులు. మీరే అర మాత్ర పెంచవద్దన్నది అందుకే. అలాగని మీ అంతట మీరు పూర్తిగా ఆపేయకండి. స్టెరాయిడ్ వాడుతుంటే అదీ మానకూడదు.

ఇకపై ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా, మందుల షాపుకు వెళ్లినా జబ్బు పేరు ముందే చెప్పండి. జెంటామైసిన్, అమికాసిన్, అజిత్రోమైసిన్, క్వినైన్, సెలైన్‌లో ఎక్కించే మెగ్నీషియం, బొటాక్స్, బీపీకి ఇచ్చే ప్రొప్రనొలాల్ లాంటివి న్యూరాలజిస్టును అడగకుండా వాడకూడదు. జ్వరానికి పారాసిటమాల్, యాంటీబయోటిక్ తప్పనిసరైతే అమాక్సిసిలిన్, సెఫలోస్పోరిన్లు మేలు. గ్లకోమాకు (నీటికాసులకు) వేసే టిమొలాల్ కంటి చుక్కలతో కూడా రెప్పలు వాలతాయి. చుక్కల మందే కదా అని చాలామంది ఆ సంగతి చెప్పరు.