మీ మామగారిని బేస్‌బాల్‌కి తీసుకెళ్లే ముందు

బుజ్జీ,

ఆదివారం ఆర్లింగ్టన్‌లో రేంజర్స్ జట్టు బేస్‌బాల్ ఆటకి టికెట్లు తీశానని, అత్తగారు, మామగారు, పిల్లాడు అందరూ వస్తున్నారని మెసేజ్ పెట్టావు. దాని కిందే “మామయ్యగారు క్రికెట్ మనిషి పెద్దమ్మా, మూడు గంటలు బోర్ అంటారేమోనని టెన్షన్‌గా ఉంది” అని కూడా రాశావు. ఫోన్‌లో చెబితే పిల్లాడి గోలలో సగం చెవిన పడదు, అందుకే రాస్తున్నాను. కాస్త పొడుగైనా ఓపిగ్గా చదువు.

ముందు ఆ మూడు గంటల మాట తీసెయ్. అది పాత లెక్క. 2021లో తొమ్మిది ఇన్నింగ్స్ ఆట సగటున మూడు గంటల పది నిమిషాలు పట్టేది, అప్పుడు నిజంగానే సాగదీసేవాళ్లు. ఇక్కడ రెండు జట్లూ మూడేసి అవుట్లదాకా ఒక్కోసారి బ్యాటింగ్ చేస్తే ఒక ఇన్నింగ్స్. బంతి విసిరే పిచ్చర్ దాన్ని పట్టుకుని మౌండ్ అనే మట్టి దిబ్బ మీద అటూ ఇటూ తిరిగేవాడు, బ్యాటర్ ప్రతి బంతి తర్వాతా గీత దాటి బయటికొచ్చి గ్లవ్స్ పట్టీ విప్పి మళ్లీ బిగించుకునేవాడు. 2023లో పిచ్ క్లాక్ అని బంతికీ బంతికీ మధ్య గడియారం పెట్టి దీనికి కళ్లెం వేశారు. బేసులు, అంటే పరిగెత్తి చేరాల్సిన మూలల మీద ఎవరూ లేకపోతే 15 సెకన్లు, ఉంటే 20. ఆ ఇరవైని 2024లో 18కి తగ్గించారు. గడియారం సున్నాకి వచ్చేలోపు పిచ్చర్ బంతి వేసే కదలిక మొదలుపెట్టాలి, లేదంటే బ్యాటర్‌కి ఒక బాల్ ఊరికే ఇచ్చేస్తారు. బాల్ అంటే ఇక్కడ పిచ్చర్ తప్పుగా వేసిన బంతి కింద లెక్క, అవి నాలుగైతే బ్యాటర్ ఊరికే ఫస్ట్ బేస్‌కి వెళ్తాడు. బ్యాటర్ కూడా ఇంకా 8 సెకన్లు ఉండగానే సిద్ధంగా నిలబడి పిచ్చర్ వైపు చూస్తూ ఉండాలి, లేదంటే అతని మీద స్ట్రైక్ పడుతుంది, అవి మూడైతే అవుట్. ఆ ఒక్క ఏడాదిలోనే సగటు దాదాపు రెండు గంటల నలభై నిమిషాలకి దిగింది. రేంజర్స్ మొట్టమొదటిసారి వరల్డ్ సిరీస్, అంటే లీగ్ చాంపియన్‌షిప్ గెలిచింది కూడా ఆ ఏడాదే, ఈ మాట పక్క సీటువాళ్ల దగ్గర అన్నావంటే ఆట అయ్యేదాకా నీతో కబుర్లు చెబుతారు.

మీ మామగారికి ఇదంతా వివరంగా చెప్పక్కర్లేదు. “క్రికెట్‌లో ఓవర్‌కీ ఓవర్‌కీ మధ్య 60 సెకన్ల గడియారం పెట్టారు కదా మామయ్యగారూ, ఇక్కడ బంతికీ బంతికీ మధ్య పెట్టారు” అను, చాలు. ఇంకా కావాలంటే 2023 ఫిబ్రవరి సంగతి చెప్పు. సీజన్‌కి ముందు జరిగే ప్రాక్టీస్ ఆటల్లో బ్రేవ్స్, రెడ్ సాక్స్ జట్లు 6-6 మీద ఉన్నాయి. చివరి ఇన్నింగ్స్, ఇద్దరు అవుట్, మూడు బేసులూ నిండి ఉన్నాయి, మూడు బాల్స్ రెండు స్ట్రైక్స్. అంపైర్ చెయ్యెత్తగానే తప్పు పిచ్చర్‌ది, నాలుగో బాల్ వచ్చేసింది, అందరూ ఒక్కో బేస్ జరిగి ఒక పరుగొస్తుంది, గెలిచేశాం అనుకుని బ్యాటర్ ఫస్ట్ బేస్ వైపు బయల్దేరాడు. తీరా చూస్తే ఆలస్యం చేసింది తనే. మూడో స్ట్రైక్, అవుట్, ఆట టై. ఆ కొత్త రూలు అందరికీ ఒక్క దెబ్బతో తెలిసొచ్చింది.

బేస్‌బాల్‌కి గడియారం ఏమిటని అప్పట్లో పాత అభిమానులు చాలామంది గోల పెట్టారు. వందేళ్లకి పైగా గడియారమే లేని ఆట అని గొప్పగా చెప్పుకున్నారు కాబట్టి వాళ్ల బాధ నాకు అర్థమవుతుంది. అయినా నాకు ఈ మార్పు చాలా నచ్చింది. గ్లవ్స్ బిగించుకోవడం చూడ్డానికి ఎవరూ టికెట్ కొనరు. మనం చూడాల్సిన ఎత్తుపైఎత్తులు ఆ పదిహేను సెకన్లలోనే ఉన్నాయి, అవి ఎక్కడికీ పోలేదు. బేస్‌బాల్ బోర్ అనేవాళ్లంతా బంతి గాల్లో ఉన్నప్పుడు మాత్రమే చూసి మిగతా సమయం ఫోన్‌లో తల దూరుస్తారు. నువ్వు మీ మామగారికి నేర్పాల్సింది ఒక్కటే, బంతికీ బంతికీ మధ్య ఎటు చూడాలో.

మొదట బ్యాటర్ వెనక కూర్చుని బంతి పట్టే క్యాచర్ని చూడమను. వెనకటికి వేళ్లతో సైగలు చేసేవాడు, 2022 నుంచి చిన్న బటన్ల పరికరం వచ్చింది. క్యాచర్ కూర్చుని మణికట్టు దగ్గరో మోకాలి దగ్గరో ఉన్న ఆ బటన్లు నొక్కుతాడు, ఏ బంతి వెయ్యాలో పిచ్చర్ టోపీలో వినబడుతుంది. జనం అరుపులు ఎక్కువైతే పిచ్చర్ గ్లవ్‌ని చెవికి ఆనించుకుని వింటాడు, అది నీ సీటు నుంచి కూడా కనబడుతుంది. నచ్చకపోతే తల అడ్డంగా ఊపుతాడు, అవతల గడియారం పరిగెడుతూ ఉంటుంది. రెండుసార్లు తల ఊపాడంటే ఇక సెకన్లు లేవు, చెప్పిన బంతి వెయ్యక తప్పదు. ఆ ఇరకాటంలో వేసిన బంతిని బ్యాటర్ చాలాసార్లు గట్టిగా బాదేస్తాడు.

ఫస్ట్ బేస్ మీద మనిషి ఉంటే ఇంక చూపు అటే. అతను బేస్ వదిలి అడుగు అడుగు జరుగుతుంటాడు, మన క్రికెట్‌లో నాన్‌స్ట్రైకర్ క్రీజ్ వదిలి ముందుకు జరిగినట్టే, కాకపోతే ఇక్కడ అందులో పేచీ ఏమీ లేదు, అది ఆటలో భాగం. పిచ్చర్ హఠాత్తుగా తిరిగి అటు విసిరి అవుట్ చెయ్యొచ్చు. 2023కి ముందు ఎన్నిసార్లయినా విసిరేవాళ్లు, ఇప్పుడు ఒక్కో బ్యాటర్‌కి రెండుసార్లే మౌండ్ నుంచి కాలు తియ్యొచ్చు. మూడోసారి విసిరి అవుట్ చెయ్యలేకపోతే రన్నర్‌కి తర్వాతి బేస్ ఉచితం. అంటే రెండు అయిపోయాయంటే రన్నర్ ఇంకో అడుగు ధైర్యంగా జరుగుతాడు, పిచ్చర్‌కి చెమటలు పడతాయి. బేసుల సైజు కూడా 15 అంగుళాల నుంచి 18కి పెంచారు, కాబట్టి పరుగు దూరం కొంచెం తగ్గి దొంగతనంగా బేస్ కొట్టేసేవాళ్లు బాగా ఎక్కువయ్యారు. “ఇప్పుడు పరిగెడతాడా లేదా?” అని మీ మామగారితో పందెం కాయి. అక్కడి నుంచి ఆయన్ని పట్టుకోలేవు చూడు.

2026 నుంచి అంపైర్ నిర్ణయాన్ని సవాలు చేసే మన క్రికెట్ డీఆర్‌ఎస్ లాంటిది కూడా వచ్చింది. బాలా స్ట్రైకా అన్న నిర్ణయం నచ్చకపోతే బ్యాటర్ గానీ పిచ్చర్ గానీ క్యాచర్ గానీ వెంటనే తల మీద తట్టుకోవాలి, జట్టువాళ్లు కూర్చునే డగౌట్ వైపు చూసి అడిగే వీల్లేదు. జట్టుకి రెండు అవకాశాలు, సవాలు సరైతే అవి అలాగే మిగులుతాయి. ఇది మీ మామగారికి నువ్వు నేర్పక్కర్లేదు, ఆయనే నీకు చెబుతారు.

పిల్లాడికి స్కోర్‌కార్డ్ కొనిపెట్టు, పెన్సిల్ ఇంటి నుంచి తీసుకెళ్లు. నామాట విను, ఆ వయసు పిల్లలు కుదురుగా కూర్చోవడానికి ఇంతకంటే మందు లేదు. ఆటగాళ్ల స్థానాలకి నంబర్లు ఉంటాయి. పిచ్చర్ 1, క్యాచర్ 2, ఫస్ట్ బేస్ 3, సెకండ్ 4, థర్డ్ 5, సెకండ్‌కీ థర్డ్‌కీ మధ్య నిలబడే షార్ట్‌స్టాప్ 6, వెనక ఎడమ నుంచి కుడికి 7, 8, 9. షార్ట్‌స్టాప్ బంతి పట్టి సెకండ్‌కి, అక్కడి నుంచి ఫస్ట్‌కి విసిరి ఇద్దరినీ అవుట్ చేస్తే గడిలో 6-4-3 అని రాస్తాం. బ్యాట్ ఊపి స్ట్రైక్‌అవుట్ అయితే ‘కె’ అక్షరం, ఊపకుండా చూస్తూ నిలబడి అవుటైతే అదే అక్షరం తిరగేసి. ఈ స్కోరు రాసే పద్ధతిని తీర్చిదిద్దిన హెన్రీ చాడ్విక్ ఇంగ్లండ్‌లో పుట్టి, ఇక్కడ క్రికెట్ మీద పత్రికలకి రాస్తూ రాస్తూ బేస్‌బాల్‌లోకి వచ్చిన మనిషి. మీ మామగారి చెవిన ఇది తప్పకుండా వెయ్యి.

స్టేడియంలో మర్యాదలు కొన్ని ఉన్నాయి, ఎవరూ బోర్డు రాసిపెట్టరు గానీ అందరూ పాటిస్తారు. జాతీయగీతానికి లేచి టోపీ తియ్యాలి, కాబట్టి గంట ముందే వెళ్లండి, పిల్లాడికి ఆటగాళ్లు వార్మప్ చెయ్యడం కూడా కనిపిస్తుంది. ఆటకి ముందు ఎవరో ఒక అతిథి మొదటి బంతి విసురుతారు. అమెరికా ప్రెసిడెంట్లలో 1910లో టాఫ్ట్ మొదలుపెట్టిన ఆనవాయితీ అది. బ్యాటర్ ఆడుతుండగా వరసలోంచి లేచి అడ్డంగా నడవకు, మెట్ల దగ్గర ఆగి ఆ బ్యాటర్ అయ్యాక వెళ్లాలి. ఫౌల్ బంతి, అంటే గీతల బయటికి కొట్టిన బంతి, స్టాండ్స్‌లోకి వస్తే దొరికినవాళ్లదే, క్రికెట్‌లోలా తిరిగి విసరక్కర్లేదు. మీ మామగారు అలవాటు కొద్దీ మైదానంలోకి విసిరేస్తారేమో, ముందే చెప్పి ఉంచు! పెద్దవాళ్లకి దొరికితే పక్కనున్న చిన్నపిల్లలకి ఇవ్వడం ఇక్కడ మంచి అలవాటు. షికాగో రిగ్లీ ఫీల్డ్‌లో మాత్రం ఎదుటి జట్టు మన సిక్సర్‌లా కొట్టిన హోమ్ రన్ బంతిని వెనక్కి విసిరేస్తారు.

ఇంకొకటి. నాలుగైదు ఇన్నింగ్స్ అయ్యాక స్కోర్‌బోర్డ్ మీద ఎదుటి జట్టుకి ‘హెచ్’ కింద ఇంకా సున్నా కనబడితే మన పిచ్చర్ ఒక్క హిట్ కూడా ఇవ్వలేదన్నమాట. ఆ మాట పైకి అనకూడదు. డగౌట్‌లో సొంత జట్టువాళ్లే ఆ పిచ్చర్ పక్కన కూర్చోరు, పలకరించరు. దిష్టి తగులుతుందని మనం అనమూ? అంతే ఇదీ.

ఏడో ఇన్నింగ్స్ మధ్యలో అందరూ లేచి నిలబడి ఒళ్లు విరుచుకుంటూ 1908 నాటి ఒక పాట పాడతారు, మాటలు స్క్రీన్ మీద వస్తాయి. దీనికి మాత్రం ఎంత అలసిపోయినా ఉండండి. మీ అత్తగారికి ఆట నచ్చకపోయినా ఆ పాట, మధ్యలో వచ్చే రంగురంగుల చుక్కల పరుగుపందెం నచ్చుతాయి. గోడ మీద 42 అంకె చూసి పిల్లాడు ఎవరిదని అడుగుతాడు. 1947లో మేజర్ లీగ్స్‌లో నల్లవాళ్ల మీదున్న అడ్డుగోడ బద్దలుకొట్టిన జాకీ రాబిన్సన్‌ది. 1997 నుంచి ఏ జట్టులోనూ కొత్తగా ఆ అంకె ఎవరికీ ఇవ్వడం లేదు. వాడికి అర్థమయ్యేలా కాస్త నిదానంగా చెప్పు, ఇది తొందరలో దాటేసే విషయం కాదు.

తిండి విషయం. ఆట వేగం పెరగడం వల్ల మనకి జరిగిన నష్టం ఇదొక్కటే: లైన్లో నిలబడి వచ్చేసరికి ఇన్నింగ్స్ అయిపోతోంది. అందుకని ఆట మొదలయ్యేలోపే అన్నీ కొనేసుకోండి. అత్తగారు శాకాహారి కాబట్టి పొట్టుతో ఉన్న వేయించిన వేరుశనగకాయలు తీసుకో, పొట్టు కాళ్ల దగ్గరే పడేస్తారు, ఎవరూ ఏమీ అనరు. ఛీజ్ పోసిన నాచోస్ కూడా తినొచ్చు, స్టేడియంలో అలా అమ్మడం 1976లో ఇదే ఆర్లింగ్టన్‌లో, పాత రేంజర్స్ స్టేడియంలో మొదలైంది. పులిహోర పట్టుకెళ్లాలని మీ అత్తగారు అంటే స్టేడియం వెబ్‌సైట్‌లో బయటి తిండి, బ్యాగుల రూల్స్ ముందు చూడు.

స్కోరు సమానమై ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్ వస్తే భయపడకు. 2020 నుంచి పదో ఇన్నింగ్స్‌లో సెకండ్ బేస్ మీద ఒక రన్నర్‌ని ముందే నిలబెట్టి మొదలుపెడుతున్నారు, ఎక్కువసేపు సాగదు. నాకు ఈ ఒక్క మార్పు మాత్రం ఇప్పటికీ మింగుడుపడలేదు, కష్టపడి సంపాదించాల్సిన బేస్ చేతిలో పెట్టినట్టుంటుంది. ప్లేఆఫ్స్‌లో ఈ రూలు లేదు, అదొక్కటే ఊరట. 1981లో పాటకెట్‌లో రోచెస్టర్‌తో ఆడిన ఒక మైనర్ లీగ్ ఆట శనివారం రాత్రి మొదలై ఈస్టర్ ఆదివారం తెల్లవారుజామున 4 గంటల 7 నిమిషాలకి, 32 ఇన్నింగ్స్ తర్వాత ఆగింది. అప్పటికి స్టాండ్స్‌లో మిగిలింది 19 మంది. జూన్‌లో మళ్లీ కలిసి 33వ ఇన్నింగ్స్ ఆడితే 18 నిమిషాల్లో తేలిపోయింది. ఇది చెబితే మీ మామగారు ఊరుకోరు, 1939లో డర్బన్‌లో ఇంగ్లండ్ జట్టు ఓడ వెళ్లిపోతుందని పది రోజులకి వదిలేసిన టెస్ట్ గురించి చెబుతారు. చెప్పనియ్యి.

మీరు ఇర్వింగ్ నుంచి వెళ్తారు కాబట్టి దారిలోనే గ్రాండ్ ప్రెయిరీ స్టేడియం తగులుతుంది. కాస్త ముందుగా బయల్దేరి బయటి నుంచైనా చూపించు. 2024 టీ20 వరల్డ్ కప్‌లో అమెరికా పాకిస్తాన్‌ని సూపర్ ఓవర్‌లో ఓడించింది అక్కడే, అది అంతకుముందు బేస్‌బాల్ స్టేడియం. ఆదివారం ఆట ఆయనకి నచ్చితే ఇంకోసారి ఫ్రిస్కోలో రఫ్‌రైడర్స్ ఆటకి వెళ్లండి, రేంజర్స్‌కి కింది స్థాయి జట్టు అది, టికెట్ తక్కువ, ఆటగాళ్లు ఇంకా దగ్గరగా కనబడతారు.

మీరు వెళ్లే రేంజర్స్ స్టేడియం, గ్లోబ్ లైఫ్ ఫీల్డ్‌కి పైకప్పు ఉంది, ఎండాకాలం మూసేసి ఏసీ వేస్తారు. బయట మాడిపోతున్నా అత్తగారికి శాలువా, పిల్లాడికి స్వెటర్ పెట్టుకో. సీటు నంబర్లు నాకు పంపు, నెట్ వెనకో కాదో చూసి చెబుతాను. నెట్ లేని వైపైతే పిల్లాడిని మీ ఆయనకీ మామగారికీ మధ్యలో కూర్చోబెట్టు, ఫోన్లు జేబులో పెట్టమను, ఫౌల్ బంతి వచ్చే వేగానికి తల ఎత్తే టైమ్ ఉండదు.

పెద్దమ్మ