కాళ్లు కడగనివ్వండి, టీచరమ్మా

"నాకు 64 ఏళ్లు. చిత్తూరులో హెడ్‌మిస్ట్రెస్‌గా రిటైరయ్యాను. ముప్పై ఏళ్లు సండే స్కూల్ నడిపాను. మావారు ప్రభువునందు నిద్రించి ఆరేళ్లయింది. మూడు నెలల కిందట వేలూరులో మోకాలి ఆపరేషన్ అయింది. కొడుకు దగ్గరే ఉంటున్నాను. కోడలు బాప్తిస్మం తీసుకుని మా ఇంటికి వచ్చి తొమ్మిదేళ్లు, విశ్వాసంలో ఇంకా కొత్త. స్నానం చేయిస్తానంటుంది, నేనే వద్దంటాను. ఎవరికీ భారం కాకూడదని నా తగ్గింపు. మొన్న బాత్రూంలో జారాను, దేవుని కృప, దెబ్బ తగల్లేదు. చిన్నబిడ్డలా దేవుని మీద ఆనుకోవాలని ఎందరికో నేర్పాను, నాకే రావడం లేదు. ప్రార్థనలో మనసు నిలవదు. షుగర్ ఉంది, అయినా మూడు రోజులు ఉపవాసముంటే ఫలితం ఉంటుందా? లేక తిరుపతిలో ఏదైనా వృద్ధాశ్రమంలో చేరి ప్రశాంతంగా ప్రార్థన చేసుకోనా?"

– ఒక సోదరి, చిత్తూరు

ఉపవాసం వద్దు. షుగర్ మాత్రలు మింగుతూ మూడు రోజులు కడుపు మాడ్చుకుంటే ఫలితం ఆస్పత్రిలో కనిపిస్తుంది. ఆశ్రమం మాట కూడా పక్కన పెట్టండి. అక్కడైనా ఎవరో ఒక ఆయా మీకు నీళ్లు పోయాల్సిందే. జీతం తీసుకునే ఆయా పోస్తే ఫరవాలేదు, కోడలు పోస్తే భారమా?

మీ పేచీ దేవుడితో అనుకుంటున్నారు. నాకు మాత్రం అది మీ కోడలితోనే అనిపిస్తోంది. తొమ్మిదేళ్లయినా ఆ పిల్ల మీకింకా 'కొత్త'. మీరు నేర్పాలి, ఆమె నేర్చుకోవాలి. ఇప్పుడు చెయ్యి చాపాల్సింది మీరు కావడంతో మీకు ఊపిరాడడం లేదు.

మత్తయి 18వ అధ్యాయం మీకు నేను చెప్పేదేముంది. కానీ సండే స్కూల్లో మనం ఆ బిడ్డ అమాయకత్వం గురించి చెప్పి ఊరుకుంటాం. శిష్యులు అడిగింది పరలోక రాజ్యంలో ఎవరు గొప్ప అని. దానికి జవాబుగా ప్రభువు ఒక బిడ్డను పిలిచి మధ్యలో నిలబెట్టాడు. ఆ రోజుల్లో బిడ్డకు హోదా లేదు, మాట చెల్లదు. పెడితే తినాలి, ఎత్తుకుంటే చంకెక్కాలి. తగ్గించుకోవడమంటే అక్కడికి దిగడం. మీరేమో హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలోంచి లేవకుండా తగ్గించుకోవాలని చూస్తున్నారు.

పేతురుదీ మీ దారే. ప్రభువు శిష్యుల కాళ్లు కడుగుతూ తన దగ్గరికి వస్తే, "నీవెన్నడును నా పాదములు కడుగరాదు" అన్నాడు. వినడానికి ఎంత వినయం! ప్రభువు మెచ్చుకోలేదు, కడగనివ్వకపోతే నాతో నీకు పాలు, అంటే వంతు, లేదన్నాడు. పెట్టే చెయ్యిగా ఉండడం మనకు సుఖం. ఇది అందరి జబ్బే లెండి. ఆ మధ్య నా చెయ్యి విరిగినప్పుడు నెల రోజులు మా అమ్మాయే జడ వేసింది. ఆ నెలంతా దాని మీదే చిరాకు పడ్డాను.

131వ కీర్తన మళ్లీ చదవండి, మూడే వచనాలు. అందులో ఉన్నది చనుపాలు విడిచిన పిల్ల. మన వైపు పాలు మాన్పించడానికి వేపాకు నూరి పూస్తారు కదా, ఆ నాలుగు రోజులు బిడ్డ ఇల్లెగిరిపోయేలా ఏడుస్తుంది. కీర్తనలోని పిల్ల ఆ ఏడుపు దాటి వచ్చింది. పాలు దొరక్కపోయినా దానికి తల్లి ఒడి చాలు. మీకిప్పుడు వేపాకు రోజులమ్మా. బడి పోయింది, ఆయన పోయారు, చివరికి కాలు కూడా మాట వినడం లేదు. మనసు నిలవకపోతే నిలవలేదనే దేవుడికి చెప్పండి. మంచి మాటలు కూర్చి చెప్పక్కర్లేదు.

అలాగని తగ్గింపు పేరుతో పెన్షన్ ఏటీఎం కార్డు కొడుకు చేతిలో పెట్టేయకండి. "బుద్ధి విషయమై పెద్దవారలై యుండుడి" అని పౌలు కొరింథీయులకు రాశాడు. ఆ డబ్బు మీ పేరునే ఉండాలి, ఇంటి ఖర్చుకు మీ వంతు మీ చేత్తోనే ఇవ్వాలి. అన్నట్టు, కొడుకు గురించి ఒక్క ముక్కా రాయలేదేం? తల్లికి వేడినీళ్లు తోడిపెట్టడం ఆ అబ్బాయికి రాదా?

రేపటి నుంచి బాత్రూం తలుపు గడియ వేయకండి. కోడలు నీళ్లు పోస్తానంటే స్టూలు మీద కూర్చోండి. రెండు రోజులు సిగ్గుగా ఉంటుంది, ఉండనివ్వండి. సాయంత్రం కుటుంబ ప్రార్థన ఆమెను చేయమనండి. మాట తడబడితే అందించకండి. తప్పులు దిద్దకండి.