క్లియరెన్స్‌కి సర్టిఫికెట్ ఒక్కటే చాలదు

ప్రశ్న: నాకు 38 ఏళ్లు. అమెరికా పౌరుణ్ని, వర్జీనియాలో ఐటీ ఉద్యోగం. ఆరేళ్ల క్రితం ఒకసారి, రెండేళ్ల క్రితం మరోసారి తాగి కారు నడుపుతూ పట్టుబడ్డాను. ఇప్పుడు కంపెనీ రక్షణశాఖ ప్రాజెక్టుకి సెక్యూరిటీ క్లియరెన్స్ తీసుకోమంటోంది. రోజూ రాత్రి నాలుగైదు పెగ్గుల విస్కీ అలవాటు. ఇవాళ్టి నుంచి మానేసి, డాక్టర్ సర్టిఫికెట్ పెడితే సరిపోతుందా?

జవాబు: దయచేసి ఇవాళే, ఒంటరిగా మానేయకండి. రోజూ ఇంతగా తాగేవారు ఒక్కసారిగా ఆపితే 6 నుంచి 24 గంటల్లో చేతుల వణుకు, చెమటలు మొదలవ్వచ్చు. 48 గంటల్లోపు ఫిట్స్ రావచ్చు. రెండు నుంచి నాలుగు రోజుల మధ్య మతిభ్రమ వచ్చి ప్రాణం మీదకు రావచ్చు. ముందు అడిక్షన్ సైకియాట్రిస్టును కలవండి. అవసరమైన మందులతో, థయమిన్‌తో (విటమిన్ బి1) సురక్షితంగా మాన్పిస్తారు. తర్వాత తాగాలన్న కోరిక తగ్గించేందుకు సాధారణంగా నాల్‌ట్రెక్సోన్ రోజుకు 50 మి.గ్రా. ఇస్తారు. దానికి ముందు లివర్ పరీక్ష చేయించాలి. ఓపియాయిడ్ (మార్ఫిన్ తరహా) నొప్పి మాత్రలు వాడుతుంటే ఇది పనికిరాదు.

సర్టిఫికెట్ సంగతి. క్లియరెన్స్ ఇవ్వాలా వద్దా అని తేల్చేందుకు 2017 నుంచి అమల్లో ఉన్న మార్గదర్శకాల్లో మద్యం ‘జి’ కింద, నేరాలు ‘జె’ కింద వస్తాయి. మీ కేసులు రెండింటిలోకీ వస్తాయి. అధికారులు చూసేది సమస్యను ఒప్పుకున్నారా, చికిత్స పూర్తిచేశారా, డాక్టర్ చెప్పినట్టే చాలాకాలం నిలబడ్డారా అన్నది. ఇన్ని నెలలని నియమం లేదు. ఏడాదైనా అలా నిలబడితే బలం అని నా అభిప్రాయం. వీలైతే దరఖాస్తును అప్పటిదాకా ఆపమని కంపెనీని అడగండి. జబ్బు నిర్ధారణయ్యాక సలహాకు విరుద్ధంగా తాగితే అదే కొత్త అభ్యంతరమవుతుంది. అందుకే మొక్కుబడిగా కౌన్సెలింగ్‌లో చేరకండి. నెలకోసారి పెత్ రక్తపరీక్ష చేయించుకోండి. గత రెండు నుంచి నాలుగు వారాల తాగుడును అది పట్టేస్తుంది. ఆ రిపోర్టులు, కౌన్సెలింగ్ హాజరు, కోర్టు షరతులు పూర్తయిన కాగితాలు ఒకే ఫైల్లో ఉంచండి.

క్లియరెన్స్ దరఖాస్తు అయిన ఎస్‌ఎఫ్-86 ఫారంలో పోలీసు కేసులు అడిగే 22వ సెక్షన్‌లో చాలా ప్రశ్నలు ఏడేళ్లకే పరిమితం. మద్యం కేసు మాత్రం ఎప్పటిదైనా, కోర్టు కొట్టేసినా రాయాలి. దాచడం కేసుకన్నా పెద్ద దెబ్బ. కేసుల భాగం లాయరుకు చూపించండి.

డాక్టరుకూ అసలు లెక్కే చెప్పండి. 60 మి.లీ. పెగ్గులైతే మీ నాలుగైదు పెగ్గులు అమెరికా లెక్కలో దాదాపు ఐదున్నర నుంచి ఏడు డ్రింకులు (ఒక డ్రింకు అంటే 14 గ్రాముల ఆల్కహాల్). మాన్పించే మందుల మోతాదుకు ఆ లెక్క కూడా ముఖ్యం.